రీఎంట్రీ క్యాప్సూల్ దిగే చోటుని వాతావరణం ఎంత మారుస్తుంది, హీట్ షీల్డ్ అరుగుదల ఎంత మారుస్తుంది?

బ్రాడీపేట_మెకానికల్ (గుంటూరు)

అందరికీ నమస్తే. గుంటూరులో బీటెక్ మెకానికల్ ఫైనల్ ఇయర్ చదువుతున్నా. మెయిన్ ప్రాజెక్టుకి రీఎంట్రీ క్యాప్సూల్ ట్రాజెక్టరీ తీసుకుని పైథాన్‌లో రాస్తున్నా. మోడల్‌గా ఇస్రో వాళ్ల ఎస్‌ఆర్‌ఈ-1 క్యాప్సూల్ పెట్టుకున్నా, అదే 2007 జనవరి 10న పీఎస్‌ఎల్‌వీ-సీ7 మీద పైకెళ్లి జనవరి 22న బంగాళాఖాతంలో దిగింది కదా, 550 కేజీలది, అడుగున 2 మీటర్ల వెడల్పు. పాయింట్ మాస్ ఈక్వేషన్లు (క్యాప్సూల్‌ని ఒక చుక్కలా చూడటం), గ్రావిటీ, డ్రాగ్ అంటే గాలి ఆపే బలం, పైకెళ్లేకొద్దీ ఒకే నిష్పత్తిలో డెన్సిటీ తగ్గే ఎక్స్‌పొనెన్షియల్ అట్మాస్ఫియర్, ఇంతే ఉంది కోడ్‌లో. గ్రాఫులు బానే వస్తున్నాయి, వేగం పడటం, జీ లోడ్ ఎక్కడ పీక్ అవుతుందో అన్నీ క్లాసులో చెప్పిన షేపులోనే ఉన్నాయి.

మొన్న రివ్యూలో మా గైడ్ సార్ ఆపి రెండు ప్రశ్నలు అడిగారు. ఒకటి, హీట్ షీల్డ్ కాలిపోతూ అరుగుతూ వస్తుంటే నీ క్యాప్సూల్ బరువు, ఆకారం మొదట్నుంచి చివరిదాకా ఒకటే ఎలా ఉంటాయి అని. రెండోది, నీ ఆకాశం జనవరిలోనూ అదే, జూలైలోనూ అదే, తుపాను పట్టిన రోజునా అదేనా అని. రెండూ పెట్టి దిగే చోటు ఎంత జరుగుతుందో చూపించమన్నారు.

నాకు కావాల్సింది ఏంటంటే ఈ రెండిట్లో పెద్దది ఏది, గాలి ఎక్కడినుంచి లెక్కలోకి తీసుకోవాలి, వానలోంచి వస్తే షీల్డ్ దెబ్బతినడం అనేది నిజంగా ఉంటుందా, ఇవన్నీ సీఎఫ్‌డీ (గాలి ప్రవాహాన్ని కంప్యూటర్లో పూర్తిగా లెక్క కట్టే సాఫ్ట్‌వేర్) లేకుండా మామూలు ల్యాప్‌టాప్‌లో ఎలా పెట్టాలి. ఈ సబ్జెక్ట్ మీద నాకు చాలా ఇష్టం ఉంది, మార్కుల కోసం ఏదో ఒకటి పెట్టేయడం ఇష్టం లేదు, అందుకే అడుగుతున్నా.

బెంజిసర్కిల్_ఏరో (విజయవాడ)

తమ్ముడూ, మీ సార్ సరైన చోటే పట్టుకున్నారు. రెండిటినీ కలిపేసి డ్రాగ్ మీద ఓ ఐదు పర్సెంట్ అటూ ఇటూ వేసేస్తే మాత్రం ప్రాజెక్టులో పస ఉండదు, ఎందుకంటే డెన్సిటీ పనిచేసే ఎత్తు వేరు, అరుగుదల పనిచేసే ఎత్తు వేరు, గాలి పనిచేసే ఎత్తు వేరు. ముందు వాటిని ఎత్తుల వారీగా విడగొట్టుకో.

మొదట క్యాప్సూల్ వేగం ఎక్కడ పోతుందో చూడు. 1950ల్లో నాకా (నాసాకి ముందున్న సంస్థ) ఎయిమ్స్ ల్యాబ్‌లో జూలియన్ అలెన్, ఆల్ఫ్రెడ్ ఎగ్గర్స్ చేసిన లెక్క ఉంది, చేత్తో చేసుకోవచ్చు. దిగే కోణం (అడ్డగీతకి ఎంత వాలుగా అనేది) మారకుండా సూటిగా దిగుతుందనుకుంటే, ఎంట్రీ వేగంలో దాదాపు 61 శాతానికి పడినప్పుడు గరిష్ట డిసెలరేషన్ వచ్చిద్ది, అది బరువు మీద గానీ సైజు మీద గానీ ఆధారపడదు. ఏ ఎత్తులో వచ్చిద్ది అనేది మాత్రం బాలిస్టిక్ కోఎఫిషియెంట్ మీద, అంటే బరువుని సీడీతోనూ (ఆకారాన్ని బట్టి వచ్చే డ్రాగ్ గుణకం) ఏరియాతోనూ భాగిస్తే వచ్చే దాని మీద ఆధారపడిద్ది. నీ 550 కేజీలకి, 2 మీటర్ల వెడల్పుకి, సీడీ 1 అనుకుంటే చదరపు మీటరుకి 175 కేజీలు. కోణం 3 డిగ్రీలు, స్కేల్ హైట్ (ఎంత పైకెళ్తే డెన్సిటీ దాదాపు మూడో వంతుకి పడుతుందో ఆ ఎత్తు) 7 కిలోమీటర్లు వేసుకుంటే ఆ పీక్ సుమారు 48 కిలోమీటర్ల దగ్గర పడిద్ది. అంటే మబ్బులకి చాలా పైన. బెజవాడలో ఎంత కుంభవృష్టి పడుతున్నా 48 కిలోమీటర్ల పైన చుక్క నీళ్లుండవు, కాబట్టి క్యాప్సూల్‌ని అసలు ఆపేది మనం వాతావరణం అని రోజూ మాట్లాడుకునేది కాదు, ఆ పై గాలి ఎంత చిక్కగా ఉందనేదే.

ఇప్పుడు అసలు ముక్క. పైన డెన్సిటీ నువ్వు అనుకున్నదానికన్నా 10 శాతం ఎక్కువుంది అనుకో. ఎక్స్‌పొనెన్షియల్ మోడల్‌లో దానర్థం ఏంటంటే, 48 కిలోమీటర్ల దగ్గర నీకు ఎదురవ్వాల్సిన డెన్సిటీ 7 ఇంటూ నేచురల్ లాగ్ 1.1, అంటే దాదాపు 670 మీటర్లు పైనే ఎదురైపోద్ది. ట్రాజెక్టరీ మొత్తాన్ని ఆ 670 మీటర్లు పైకి జరిపినట్టే లెక్క. 3 డిగ్రీల వాలులో 670 మీటర్ల ఎత్తు తేడా అడ్డంగా ఎంతయిద్ది? 0.67ని టాన్ 3తో భాగించు, దగ్గర దగ్గర 13 కిలోమీటర్లు, బెజవాడ నుంచి మంగళగిరి అంత. 1.5 డిగ్రీల కోణమైతే 25 కిలోమీటర్లు. 10 డిగ్రీలైతే 4 లోపే. కాబట్టి అదే డెన్సిటీ తేడా కోణం పల్చబడేకొద్దీ పెద్దదవుద్ది, నీ ప్రాజెక్టులో ఈ ఒక్క గ్రాఫు గీసినా మీ సార్‌కి విషయం అర్థమైపోద్ది. కోణం మరీ చిన్నదైతే అలెన్ ఎగ్గర్స్ లెక్క అంచనాకే పనికొస్తుంది, అక్కడ నీ సిమ్యులేషనే నమ్ముకో, గానీ సిమ్యులేషన్ ఆన్సరు ఈ చేతి లెక్కకి రెండింతలో మూడింతలో తేడాగా వస్తే కోడ్‌లో ఎక్కడో తప్పుందని అర్థం.

మరి 10 శాతం తేడా నిజంగా ఉంటుందా అంటే ఉంటుంది. 60, 70 కిలోమీటర్ల ఎత్తులో సీజన్‌ని బట్టి, అక్షాంశాన్ని బట్టి, కిందనుంచి పైకెక్కే అలల్ని బట్టి డెన్సిటీ మారుతూనే ఉంటుంది, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ చలికాలానికీ ఎండాకాలానికీ తేడా ఇంకా పెద్దది. అమెరికా స్పేస్ షటిల్ దిగేటప్పుడు ఉన్నట్టుండి డెన్సిటీ మారిపోయే పొరలు తగిలాయి, అవి డిసెలరేషన్ రికార్డుల్లో కనపడ్డాయి. ఇంకోటి, మనందరం కళ్లు మూసుకుని వాడే 1976 స్టాండర్డ్ అట్మాస్ఫియర్ ఉంది చూడు, అది 45 డిగ్రీల అక్షాంశానికి సగటు. అందులో ట్రోపోపాజ్ (పైకెళ్లేకొద్దీ చల్లబడటం ఆగే ఎత్తు) 11 కిలోమీటర్లు, అక్కడ మైనస్ 56.5 డిగ్రీలు. మన దగ్గర ట్రోపోపాజ్ 16, 17 కిలోమీటర్ల పైన, మైనస్ 80 దగ్గర. శ్రీహరికోట ముందున్న సముద్రంలో దించాల్సిన దానికి ఆ టేబుల్ పెడితే మొదటి అడుగులోనే ఒక పక్కకి ఒరిగిపోయినట్టు. ఎన్‌ఆర్‌ఎల్ ఎంసిస్ అనే మోడల్ పైథాన్‌లో ఫ్రీగా దొరుకుద్ది, తారీఖు, టైము, లాటిట్యూడ్ ఇస్తే డెన్సిటీ ఇచ్చిద్ది, అది వాడు. పై గాలులకి హెచ్‌డబ్ల్యూఎం అని ఇంకోటుంది.

ఒకటి మర్చిపోకు. ఇదంతా స్టీరింగ్ లేని క్యాప్సూల్ కథ. సెంటర్ ఆఫ్ గ్రావిటీని కాస్త పక్కకి పెట్టి ఎగిరితే క్యాప్సూల్‌కి కొంచెం లిఫ్ట్ వచ్చిద్ది, రోల్ చేసి ఆ లిఫ్ట్‌ని పైకో కిందకో పక్కకో తిప్పుతారు, డెన్సిటీ తేడాని గైడెన్స్ అలా మింగేసుద్ది. అపోలోకి లిఫ్ట్, డ్రాగ్ నిష్పత్తి 0.3 దగ్గర ఉండేది. అంత చిన్న లిఫ్ట్‌తోనే 1969 జూలై 24న అపోలో 11 దిగే చోట ఉరుముల వానలున్నాయని స్పాట్‌ని దాదాపు 400 కిలోమీటర్లు ముందుకి జరిపారు. తిరగేసి చూస్తే 2008 ఏప్రిల్‌లో సోయుజ్ టీఎంఏ-11 లిఫ్ట్ లేని బాలిస్టిక్ దారిలో పడిపోయి అనుకున్న చోటికి 400 కిలోమీటర్లకి పైగా ముందే దిగింది, దానికి కారణం వాతావరణం కాదు, వెనకున్న మాడ్యూల్ సరిగా విడిపోకపోవడం, గానీ లిఫ్ట్ ఉంటే ఎంత దూరం, పోతే ఎంత దూరం అనేది దాన్నిబట్టి తెలుస్తుంది. నువ్వు స్టీరింగ్ పెట్టట్లేదు కాబట్టి నీ దాంట్లో డెన్సిటీ తేడా పూర్తిగా కిందకి దిగివచ్చిద్ది.

బందరు_మబ్బులు (విజయవాడ)

పైన ఏరో గారు మబ్బుల పైనుంచి చెప్పారు, నేను మబ్బుల కిందనుంచి చెప్తా. మాది బందరు, ఇప్పుడు ఉండేది బెజవాడ, వాతావరణం చూడటం నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి.

గాలి విషయం. మచిలీపట్నంలో వాతావరణ శాఖ వాళ్లు రేడియోసాండ్ బెలూన్ (వాతావరణం కొలిచే పరికరం కట్టిన బెలూన్) వదుల్తారు, ఆ డేటా వయోమింగ్ యూనివర్సిటీ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, స్టేషన్ నంబరు 43185. బెలూన్ పగిలిపోయే దాకా, అంటే బాగా వెళ్తే 30 కిలోమీటర్ల చుట్టుపక్కల దాకా, ఏ ఎత్తులో గాలి ఎటు ఎంత వేగంతో వీస్తుందో వస్తుంది. జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి డౌన్‌లోడ్ చేసి పక్కపక్కన పెట్టి చూడండి, మీ సార్ అడిగిన ప్రశ్నకి సగం జవాబు అక్కడే కళ్ల ముందు ఉంటుంది. జూలైలో కింద నైరుతి నుంచి గాలి, అదే 14, 15 కిలోమీటర్ల పైకెళ్తే పూర్తిగా తూర్పు నుంచి పడమరకి గంటకి 100 కిలోమీటర్లు దాటి వీస్తూ ఉంటుంది, రుతుపవనాల కాలపు ఈస్టర్లీ జెట్ అంటారు, మన తలమీదుగానే పోతుంది. జనవరిలో అది ఉండదు.

అయితే ఆ జెట్ చూసి కంగారు పడక్కర్లేదు. క్యాప్సూల్ దాన్ని దాటేది కొన్ని పదుల సెకన్లలో, ఆ కాసేపట్లో పక్కకి నెట్టేది మహా అయితే ఒకటి రెండు కిలోమీటర్లు ఉంటుంది. గాలి అసలు ఆట ఆడించేది ప్యారాచూట్ విచ్చుకున్నాక. ఇస్రో చెప్పిన దాని ప్రకారం ఎస్‌ఆర్‌ఈ-1 5 కిలోమీటర్ల ఎత్తుకి వచ్చేసరికి సెకనుకి 101 మీటర్ల వేగానికి పడింది, అక్కడ ప్యారాచూట్లు మొదలై చివరికి సెకనుకి 12 మీటర్ల వేగంతో నీళ్లని తాకింది. 5,000 మీటర్లని 12తో భాగిస్తే 7 నిమిషాల లోపు. పైన గాలి పల్చన కాబట్టి ఇంకాస్త వేగంగానే దిగుతుంది, సరే ఎక్కువలో ఎక్కువ 7 నిమిషాలనుకుందాం. సగటున సెకనుకి 10 మీటర్ల గాలి ఉంటే 4 కిలోమీటర్లు పక్కకి పోతుంది. ఏ దిక్కుకి పోతుందో బెలూన్ డేటాలో ముందే కనిపిస్తుంది కాబట్టి దీన్ని ఎర్రర్ కింద వెయ్యకుండా ముందే సరిచేసుకోవచ్చు, మిగిలేది బెలూన్ వదిలిన టైముకీ దిగే టైముకీ మధ్య మారిన గాలి మాత్రమే.

బెలూన్‌కి పైన, 30 నుంచి 80 కిలోమీటర్ల మధ్య, మామూలు జనాలకి డేటా దొరకడం కష్టం, నిజానికి మీ క్యాప్సూల్ వేగం అంతా పోయేది ఆ ఖాళీలోనే. తుంబా నుంచి ఇస్రో ఆర్‌హెచ్-200 రాకెట్లు వదిలి గాలి కొలిచేది అందుకే. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల ఉంది, అక్కడ ఎంఎస్‌టీ రాడార్ పై గాలులు చూస్తుంది, లైడార్‌తో లేజర్ కాంతి పైకి పంపి 80 కిలోమీటర్ల దాకా ఉష్ణోగ్రత తీస్తారు. మన రాష్ట్రంలోనే ఇంత మంచి సదుపాయం ఉందని చాలామంది ఇంజనీరింగ్ పిల్లలకి తెలీదు, అది నాకు బాధే.

ఇక వాన. మీ క్యాప్సూల్ లాంటి మొద్దు ముక్కు దానికి వాన వల్ల అరుగుదల అనేది పట్టించుకోవాల్సిన విషయం కాదు, ఎందుకో లెక్కలో చూడండి. 2 మిల్లీమీటర్ల చినుకు బరువు 4 మిల్లీగ్రాములు. మీది మబ్బుల మధ్యలో, చినుకులుండే చోటికి వచ్చేసరికి సెకనుకి 100 మీటర్ల లెవెల్లో ఉంది, ఆ వేగానికి చినుకు తగిలితే శక్తి 0.02 జౌల్. అదే సన్నగా కోసుగా ఉండి బాలిస్టిక్ కోఎఫిషియెంట్ బాగా ఎక్కువున్న బాడీ అయితే కింది దాకా వేగం పోగొట్టుకోదు, సెకనుకి 3 కిలోమీటర్లతో అదే చినుక్కి ఎదురెళ్తే 19 జౌల్స్, దాదాపు వెయ్యి రెట్లు. ఆ దెబ్బకి అప్పటికే కాలి బొగ్గైన పైపొర గుంట పడుతుంది, అలాంటివి వేలకొద్దీ పడితే ముక్కు ఆకారమే మారిపోతుంది, మంచు పలుకులున్న ఎత్తు మబ్బులైనా అంతే. కాబట్టి పేపర్లలో వాన, మంచు వల్ల అరుగుదల అని కనిపిస్తే అది ఏ ఆకారం గురించి రాశారో చూసుకోండి, అది తెచ్చి క్యాప్సూల్‌కి అంటిస్తే తప్పు.

షటిల్‌కి మాత్రం వానంటే భయం ఉండేది. దాని టైల్స్ సిలికా, తేలిగ్గా పెళుసుగా ఉంటాయి, విమానంలా గంటకి వందల కిలోమీటర్ల వేగంతో దిగుతూ చినుకులకి ఎదురెళ్తే పైపూత దెబ్బతినేది, అందుకే దిగే దారిలో వాన ఉంటే దింపేవాళ్లు కాదు. మనుషుల్ని మోసేందుకు చేసిన వాటికి వాతావరణం అంటే ఎక్కువగా ఇలాంటి నిర్ణయాలే. 2022 డిసెంబర్ 11న నాసా ఆర్టెమిస్-1 మిషన్ క్యాప్సూల్ ఒరాయన్‌ని శాన్ డియాగో దగ్గర దించాల్సింది, అక్కడ వాతావరణం బాలేదని 500 కిలోమీటర్లకి పైగా దక్షిణానికి జరిపారు. మన గగన్‌యాన్ టెస్ట్ ఫ్లైట్ టీవీ-డీ1 కూడా 2023 అక్టోబర్ 21 పొద్దున వాతావరణం వల్లే ముందు ఆలస్యమైంది, తర్వాత కౌంట్‌డౌన్ చివర్లో ఒక హోల్డ్ వచ్చి 10 గంటలకి లేచింది.

బ్రాడీపేట_మెకానికల్ (గుంటూరు)

ఏరో అన్నా, బందరు అన్నా, చాలా చాలా థ్యాంక్స్. 13 కిలోమీటర్ల లెక్క నా కోడ్‌లో వేసి చూశా, దగ్గరగానే వస్తోంది. 43185 డేటా కూడా తీసుకున్నా, జూలైలో ఆ తూర్పు గాలి చూస్తే ఒళ్లు పులకరించింది. ఇంక అరుగుదల ఒక్కటి మిగిలింది. బరువు తగ్గితే బాలిస్టిక్ కోఎఫిషియెంట్ తగ్గిద్ది, అది అర్థమైంది, ఎంత తగ్గించాలి, ఆకారం మారితే ఏం చెయ్యాలి అనేది ఎవరన్నా చెప్తే బాగుంటుంది.

ఆటోనగర్_కాంపోజిట్స్ (విజయవాడ)

ఇది నా పని కాబట్టి చెప్తా బ్రో. ఫినాలిక్ రెజిన్‌తో పని చేసేవాళ్లం మేము, కార్బన్ ఫినాలిక్ ముక్క మీద ఆక్సీ ఎసిటిలీన్ మంట పెట్టి టెస్ట్ చేస్తారు, అది చల్లారాక కోసి చూస్తే మూడు పొరలు కనపడతాయి. పైన నల్లగా పెళుసుగా చార్, గోటితో గీకినా రాలిద్ది. దాని కింద గోధుమ రంగుకి తిరిగిన సన్నటి పొర, అక్కడే రెజిన్ విడిపోయి గ్యాస్ అవుతుంటది. దాని కింద అసలేం జరగనట్టు మామూలు మెటీరియల్. షీల్డ్ పనిచేసే పద్ధతంతా ఆ మధ్య పొరలో ఉంది, అక్కడ పుట్టిన గ్యాస్ చార్ రంధ్రాల్లోంచి బయటకొచ్చి వేడి గాలిని ఉపరితలం నుంచి కాస్త వెనక్కి నెడుతుంది. కాబట్టి బరువు తగ్గడం అంటే రెండు రకాలు, గ్యాస్ రూపంలో పోయేది, పైనున్న చార్ అరిగి పోయేది. మొదటి దాంట్లో బరువు తగ్గినా బయటి ఆకారం మారదు, రెండో దాంట్లో రెండూ మారతాయి. నీ కోడ్‌లో ఈ రెండూ వేరువేరుగా ఉండాలి.

ముందు ఒక మాట, నువ్వు తీసుకున్న ఎస్‌ఆర్‌ఈ-1కి ముక్కు దగ్గర కార్బన్ ఫినాలిక్, మిగతా చోట్ల సిలికా టైల్స్. టైల్స్ అరిగేవి కావు, వేడిని తట్టుకుని అలాగే ఉంటాయి. అందుకని నీ దాంట్లో బరువు తగ్గేది ముక్కు దగ్గరే, చాలా తక్కువ. వాదన కోసం 10 కేజీలు పోయాయి అనుకో, అంటే 1.8 శాతం. పైన ఏరో అన్న చెప్పిన లెక్కలోనే వేస్తే 7 ఇంటూ లాగ్ 1.018, 125 మీటర్లు, 3 డిగ్రీల దగ్గర 2.4 కిలోమీటర్లు. అది కూడా 10 కేజీలూ మొదట్లోనే పోయాయి అనుకుంటే, నిజానికి వేడి పెరిగేకొద్దీ మెల్లగా పోతాయి కాబట్టి అందులో కొంతే. డెన్సిటీ 13 కిలోమీటర్లు, దీనికి 2, మీ సార్ అడిగిన ఏది పెద్దది అనేదానికి నీ క్యాప్సూల్ వరకు జవాబు ఇదే.

కానీ ఇదే అన్నిటికీ అనుకోవద్దు. గురుగ్రహం మీదకి 1995 డిసెంబర్ 7న గెలీలియో ప్రోబ్ సెకనుకి 47 కిలోమీటర్ల వేగంతో దిగింది, దాని బరువు 339 కేజీలు, అందులో దాదాపు 80 కేజీల షీల్డ్ కాలిపోయింది. బరువులో నాలుగో వంతు బ్రో! షీల్డ్ లోపల అరుగుదల కొలిచే సెన్సర్లు పెట్టారు, చూస్తే ముక్కు మధ్యలో అనుకున్నదానికన్నా తక్కువ అరిగింది, అంచుల వైపు అనుకున్నదానికన్నా ఎక్కువ. ఇంకో సంగతి, ఆ ప్రోబ్ డిసెలరేషన్ని బట్టే గురుగ్రహం పై వాతావరణం డెన్సిటీ లెక్క కట్టారు, అంటే నువ్వు చేసేదానికి తిరగలేసిన పని, ఆ సమయానికి బరువెంత, వెడల్పెంత అనేది తెలియకపోతే డెన్సిటీ తప్పొస్తది. అందుకే ఆ అరుగుదల కొలతలు అంత విలువైనవి అయ్యాయి. అరుగుదల, వాతావరణం ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీయడం ఎంత కష్టమో ఆ ఒక్క మిషన్ చూస్తే చాలు.

ఆకారం సంగతి. అన్ని వైపులా సమానంగా అరిగితే సీడీ కొద్దిగా మారిద్ది అంతే, భరించొచ్చు. ఒక పక్క ఎక్కువ అరిగితే అసలు తలనొప్పి అదే, ఎందుకంటే క్యాప్సూల్ సూటిగా కాకుండా కాస్త వంగి ఎగరడం మొదలుపెడుద్ది, వంగితే లిఫ్ట్ పుడుద్ది, ఎవరూ అడగని లిఫ్ట్. అపోలో 0.3తో వందల కిలోమీటర్లు జరపగలిగింది కదా, అనుకోకుండా 0.01 వచ్చినా అది ఒకే దిక్కుకి లాగుతూ ఉంటే కిలోమీటర్లలోనే తేడా. బాడీ తనచుట్టూ తాను తిరుగుతుంటే ఆ లాగే దిక్కు కూడా తిరుగుతా ఉంటది, దాదాపు కొట్టుకుపోతాయి. తోకచుక్క ధూళి తెచ్చిన స్టార్‌డస్ట్ క్యాప్సూల్‌ని 2006 జనవరిలో తిప్పి వదిలారు, అందులో గైడెన్స్ లేదు, ఆ తిరగడం వల్లే నిలకడగా వచ్చింది. నీ కోడ్‌లో 0.005, 0.01 లిఫ్ట్ పెట్టి ఒకసారి దిక్కు మార్చకుండా, ఒకసారి తిప్పుతూ రన్ చెయ్, తేడా నీకే కనపడుద్ది.

గరుకుదనం కూడా చూడాలి. నున్నగా ఉన్న ఉపరితలం మీద గాలి పొర లామినార్‌గా (ప్రశాంతంగా, పొరలు పొరలుగా) జారుద్ది, అరిగి గరుకైతే తొందరగా టర్బులెంట్ అయ్యిద్ది, అంటే సుడులు తిరుగుద్ది, దాంతో వేడి కొన్ని రెట్లు పెరిగిద్ది, వేడి పెరిగితే ఇంకా అరుగుద్ది. 2005 ఆగస్టులో డిస్కవరీ షటిల్ ఎస్‌టీఎస్-114లో టైల్స్ మధ్య సందులు నింపే గ్యాప్ ఫిల్లర్లు రెండు బయటికి పొడుచుకొచ్చాయని స్టీఫెన్ రాబిన్సన్ అనే ఆస్ట్రోనాట్ స్పేస్‌వాక్ చేసి చేత్తో లాగేశాడు, అంత చిన్నదానికి అంత దూరం వెళ్లారంటే కారణం ఇదే. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా విషయం తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటది, మన కల్పనా చావ్లా ఉన్నది అందులోనే. ఎడమ రెక్క అంచు లాంచ్ అప్పుడే ఫోమ్ తగిలి పగిలింది, దిగేటప్పుడు ఆ పక్క లోపల్నుంచి కాలుతూ డ్రాగ్ పెరుగుతుంటే కంప్యూటర్ దాన్ని సరిచెయ్యడానికి ట్రిమ్ (రెక్కల సర్దుబాటు) మారుస్తూ చిన్న రాకెట్ జెట్లు పేలుస్తూ దాన్ని దారిలో ఉంచడానికి చివరిదాకా పోరాడింది, అదంతా టెలిమెట్రీలో ఉంది. ఒక పక్క దెబ్బ ట్రాజెక్టరీలో ఎలా కనపడుద్దో చెప్పడానికి అంతకన్నా ఉదాహరణ లేదు.

ఆర్టెమిస్-1 ఒరాయన్‌ది కూడా చదువు. దాని ఆవ్‌కోట్ అనే అరిగే మెటీరియల్ షీల్డ్ నుంచి చార్ ముక్కలు వందకి పైగా చోట్ల ఊడిపోయాయి. స్కిప్ ఎంట్రీ చేశారు, అంటే ఒకసారి దిగి, కాస్త లేచి, మళ్లీ దిగడం. మధ్యలో వేడి తగ్గిన టైములో చార్ సరిగా ఏర్పడక, లోపల పుడుతున్న గ్యాస్ బయటికి పోలేక, ఒత్తిడి పెరిగి పగిలింది అని నాసా 2024 డిసెంబర్‌లో చెప్పింది. ఆర్టెమిస్-2కి షీల్డ్ అలాగే ఉంచి దిగే దారినే మార్చాలని నిర్ణయించారు. అరుగుదల ట్రాజెక్టరీని మారుస్తుందని నువ్వు రాస్తున్నావ్, ట్రాజెక్టరీ కూడా అరుగుదలని మారుస్తుందని ఒక పేరా రాయి, మీ సార్ సంతోషపడతారు.

అరండల్‌పేట (గుంటూరు)

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. 1979లో స్కైల్యాబ్ మన మీద పడిపోద్దని ఊళ్లలో కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారని మా అమ్మమ్మ చెప్పేది. అప్పుడు ఎక్కడ పడుద్దో ఎందుకు చెప్పలేకపోయారు? అదీ ఇలాంటి డెన్సిటీ గొడవేనా?

బెంజిసర్కిల్_ఏరో (విజయవాడ)

డెన్సిటీ గొడవే అండీ, గానీ ఇంకా పై అంతస్తులో. అక్కడ వందల కిలోమీటర్ల ఎత్తులో గాలి చాలా పల్చన, సూర్యుడు ఉద్రేకంగా ఉన్నప్పుడు అది వేడెక్కి ఉబ్బుద్ది, డ్రాగ్ పెరుగుద్ది. స్కైల్యాబ్ విషయంలో సూర్యుడి కార్యకలాపం అంచనాకన్నా ఎక్కువైంది, అది అనుకున్నదానికన్నా ముందే కిందకొచ్చి 1979 జూలై 11న ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పెరెన్స్ వైపు పడ్డాయి. 2022 ఫిబ్రవరిలో కూడా అంతే, 49 స్టార్‌లింక్ శాటిలైట్లు వదిలితే మర్నాడే జియోమాగ్నెటిక్ తుపాను వచ్చి డ్రాగ్ పెరిగి 40 దాకా పోయాయి. కంట్రోల్ లేకుండా దిగేదానికి టైము ఒక గంట తప్పితే దూరంలో 28 వేల కిలోమీటర్లు తప్పినట్టు, అందుకే ఏ ఊరు అనేది చెప్పలేరు. పెద్దవాళ్లు భయపడ్డారంటే ఆ భయంలో అర్థం ఉంది. మన తమ్ముడి క్యాప్సూల్‌ది అలా కాదు, డీఆర్బిట్ బర్న్ (కక్ష్య నుంచి దింపడానికి ఇంజన్ మండించడం) చేసి టైము, చోటు చూసి దించుతారు కాబట్టి ఆ పై అంతస్తు దాదాపు పట్టదు.

తమ్ముడూ, నువ్వు రన్‌లు వేసేటప్పుడు డెన్సిటీకి పైనుంచి కిందదాకా ఒకే గుణకం పెట్టకు, 80 కిలోమీటర్ల దగ్గర ఎక్కువ తేడా, 30 కింద తక్కువ తేడా వచ్చేలా ఎత్తుని బట్టి మార్చు, ఒక ఎత్తులో ఎక్కువుంటే ఇంకో ఎత్తులో తక్కువ ఉండొచ్చు. ఆ తర్వాత వెయ్యి రన్‌లు వేసి దిగిన చుక్కలన్నీ బంగాళాఖాతం మ్యాప్ మీద పెట్టు. పొడుగ్గా దారి వెంబడి సాగిన ఆకారం వస్తుంది, పొడుగంతా డెన్సిటీ, ఎంట్రీ కోణం వల్ల, అడ్డం ఎక్కువగా గాలి, ఆ అడగని లిఫ్ట్ వల్ల. ఒక్కోటి ఆపేసి మళ్లీ రన్ చేస్తే ఎవరి వాటా ఎంతో తేలిపోద్ది. ఎంట్రీ కోణంలో 0.1 డిగ్రీ తేడా కూడా పెట్టి చూడు, అది లేకుండా ఈ బొమ్మ పూర్తవదు.

బ్రాడీపేట_మెకానికల్ (గుంటూరు)

చేస్తా అన్నా, ఈ ఆదివారమే కూర్చుంటా. కాంపోజిట్స్ బ్రో, ఆర్టెమిస్ పేరా తప్పకుండా పెడతా. ఆఖరిగా ఒక్కటి, ఎంసిస్ మోడల్ ఎఫ్ 10.7, ఏపీ అని సూర్యుడికి సంబంధించిన రెండు నంబర్లు అడుగుతోంది. 2007 జనవరి 22వి వెతికి పెట్టాలా?

బెంజిసర్కిల్_ఏరో (విజయవాడ)

నీకు అక్కర్లేదు. 80 కిలోమీటర్ల కింద వాటి ప్రభావం అంత ఉండదు, ఆ మోడల్ రాసినవాళ్లే అక్కడ ఎఫ్ 10.7కి 150, ఏపీకి 4 పెట్టుకోమన్నారు. 120 కిలోమీటర్ల నుంచి మొదలుపెడుతున్నావ్ కాబట్టి ఆ పై 40 కిలోమీటర్లలో కాస్త తేడా వచ్చిద్ది, అక్కడ డ్రాగే దాదాపు లేదు గనక దిగే చోటు కదలదు. అనుమానం ఉంటే 70 పెట్టి ఒకసారి, 200 పెట్టి ఒకసారి రన్ చేసి రెండు చుక్కల మధ్య దూరం రిపోర్టులో రాసెయ్.